ప్రమాణ మడిగిన పల్లెలు

మన పల్లెపట్టులలో ప్రమాణ మను మాటకు రెండర్థములు కలవు. గుడిముందర కర్పూరము వెలిగించి, ఆ మంటపై అరచేయి చాచి, ఈ పాపము నే నెరుగనని ఒకడు పలికినచో అది ప్రమాణము. ఒక సంగతి నిజమని నీ కెట్లు తెలిసెనని అడిగి, కంటితో చూచితివా, చూచినదానినిబట్టి ఊహించితివా, పోలికచే గ్రహించితివా, నమ్మదగినవాని నోట వింటివా అని తార్కికుడు ఒక్కొక్కటిగా విచారించినచో అదియు ప్రమాణమే. మొదటిదానితో తగవు ముగియును. రెండవదానితో విచారణ మొదలగును. భయమునకును వివేకమునకును ఒకే పేరు పెట్టుకొని శతాబ్దములు కాపురము చేసిన జాతి మనది. కనుక మన దేశమున హేతుబుద్ధి చరిత్రను వ్రాయదలచినవాడు ఈ మాట ఒక అర్థమునుండి మరియొక అర్థమునకు ఎట్లు నడచినదో, ఆ నడకలో ఎవరెవరు ఏమేమి పోగొట్టుకొనిరో చెప్పగలిగిన చాలునని నా విశ్వాసము.

పాత ఓరుగల్లు జిల్లానుండి 2016 అక్టోబరు 11న విడివడి వేర్వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందు ఆ నడక జాడలు ఇంకను చెరిగిపోలేదు. హేతువాద మనగానే ఫ్రాన్సు దేశపు డెకార్టును, జర్మనీ దేశపు కాంటును, లేదా మన చార్వాకులను స్మరించుట పరిపాటి. ఆ మహనీయుల యెడల నాకు గౌరవము కలదు. అయితే ఈ మూడు తావులలో ఆ బుద్ధి పండితపీఠములమీద కంటె వరికల్లములలోను, కౌలుకాగితములలోను, సీసపు అక్షరముల పెట్టెలలోను ఎక్కువగా పెరిగినది. అందుచేతనే తత్త్వశాస్త్ర చరిత్రకారులు ఇటువైపు చూడరైరి.

మన పూర్వధర్మశాస్త్రములు ఈ విషయమున మనము తలచునంత గుడ్డివి కావు. కల్యాణపుర చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయు, తిక్కనకు దశకుమారచరిత్ర నంకితమిచ్చిన కేతన దానిని తెనిగించిన విజ్ఞానేశ్వరీయమును, యాజ్ఞవల్క్యుని మార్గమున నడచినవి. తగవు తీర్చుటకు వ్రాత, అనుభవము, సాక్షి అను మూడును మానుషప్రమాణములు; వీనిలో ఏ ఒక్కటియు దొరకనప్పుడు మాత్రమే అగ్ని, జలము, విషము మొదలగు దివ్యములకు పోవలెనని యాజ్ఞవల్క్యుని మతము. మనుష్యుడు తెలిసికొనగల దారులన్నియు మూసికొనిపోయిన తరువాతనే దేవుని పిలువవలెనన్న ఈ క్రమములో ఎంతో వివేకము కలదు. గ్రంథమునందలి ఆ క్రమము నిజాము నాటి గ్రామమునందు తలక్రిందులైనది. వ్రాత దొరకు లోబడిన పట్వారీ దస్త్రములో నుండెను. అనుభవము దున్నువాని చేతులలో నున్నను దానిని చెప్పుకొనుటకు వానికి నోరు లేకుండెను. సాక్షియో, రేపు అదే దొర గడికి వెట్టికి పోవలసినవాడు. ఇక మిగిలినవి గుడిమెట్టు, కర్పూరము, కాగిన నూనె.

వ్రాత యన్నది ఈ సీమ కెన్నడును తెలియని వస్తువు కాదు. మహబూబాబాదునకు చేరువనున్న కురవి గ్రామము, నాటి కొరవి, తెలంగాణమున మొట్టమొదటి తెలుగు గద్యశాసనములలో నొకటి వెలసిన చోటు. చరిత్రకారులు దానిని పదవ శతాబ్ది నాటిదని చెప్పుదురు. ఛందస్సు తెలిసినవానికే గాక చదివించుకొని విన్నవాని కెల్ల బోధపడునట్లు, ఎవడు ఎవనికేమి యిచ్చెనో వాడుకమాటలకు దగ్గరగా రాతిపై చెక్కించిన ఆ పూర్వులు, సరిచూచుకొనదగిన సాక్ష్యము విలువ నెరిగినవారే. శివరాత్రి జాతరకు వీరభద్రుని దర్శింప వచ్చు వేలాది జనులలో ఆ శాసనము మాట తలచువారు కొలదిమందియే యనుట నన్ను బాధించును.

ఇక జనగామ సీమలోని పాలకుర్తికి వత్తము. పదమూడవ శతాబ్ది నాటి పాల్కురికి సోమనాథుని హేతువాది యనుట అతనికిని హేతువాదమునకును గూడ అన్యాయము. అతడు నఖశిఖపర్యంతము భక్తుడు. అయినను అతని బసవపురాణమున ఉపనయనమునకు పిలిచిన తండ్రితో బాలబసవడు చేసిన వాదమును చదివినవాడు, శివుని నమ్మినవానికి ఈ కర్మమెందుకు, దీనిచే క్రొత్తగా కలుగున దేమి, అని పసివాడు అడుగుచుండగా పెద్దవారి యొద్ద ఆచారమన్న మాట తప్ప మరియొక జవాబు లేకపోవుటను గుర్తింపక మానడు. పుట్టుకచేత ఒకడు అధికుడని చెప్పు వాక్యమునకు ప్రమాణ మడుగుట తెలుగు కావ్యమున అంతకుముందు ఇంత బిగ్గరగా వినబడలేదు. భక్తుల వస్త్రములనే ఉతుకుదునని పట్టుబట్టి, బిజ్జలుని రాజ్యాధికారమును సైతము లెక్కచేయని మడివాలు మాచయ్య యను చాకలిని ఆ పురాణము శివుని సరసన కూర్చుండబెట్టినది. సోమనాథభాష్యమున సోమనాథుడే వేదవాక్యములను ప్రోగుచేసి, తన మతమునకు శ్రుతిప్రమాణము కలదని సంస్కృతమున నిరూపింపబూనెను. తెలుగువారికి ద్విపద, పండితులకు సంస్కృతము. ఎవరి ప్రమాణము వారికి చూపవలెనన్న స్పృహ అతనికుండెను.

కాని ఆ గ్రంథముననే మరియొక ప్రమాణమును కలదు. ఏకాంత రామయ్య జైనులతో పందెము వేసి తన శిరస్సును ఖండించుకొని, మరల దానిని పొంది, గెలిచితి ననును. వాదమున నెగ్గుటకు యుక్తి చాలక అద్భుతమును తెచ్చి నిలిపినచోట హేతువు తలదించుకొని తప్పుకొనును. దాని వెంటనే ఎదుటివాని గుడి కూలును. జనగామకు పడమట అనతిదూరముననే కొలనుపాక జైనులకు పవిత్రక్షేత్రమై నేటికిని నిలిచియున్నది. ఏ వస్తువు నైనను ఒక్క దిక్కునుండి చూచి ఇదమిత్థమని చెప్పరాదని అనేకాంతవాదమును బోధించిన ఆ మతస్థుల యెడల వీరశైవ పురాణములు చూపిన కాఠిన్యమును మనము దాచిపెట్టి సోమనాథుని పొగడుట తగదు. అతడు పుట్టుకను ప్రశ్నించెను; తన నమ్మకమును ప్రశ్నింపలేదు. సగము దారి నడచినవాడని చెప్పుట అతనికి లోపము కాదు, అతని కాలమున ఆ సగమే యెంతో దూరము.

తరువాత ఆరు శతాబ్దుల మాట ఇచట వదలివేయుచున్నాను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కోస్తా జిల్లాలలో హేతువాదము పురాణములతో తలపడెను. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణమును, శంబుకవధను రచించెను; గోరా 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. అచట సభలుండెను, పత్రికలుండెను, పందిరి వేసి రాత్రంతయు వాదించుకొను వెసులుబాటుండెను. నిజాము రాష్ట్రమునందో, గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే సభ పెట్టుటకే సర్కారు అనుమతి కావలసి యుండెను. ఉన్నతవిద్య ఉర్దూలో నుండెను. 1921 నవంబరున హైదరాబాదులో సంఘసంస్కార సభయందు తెలుగున మాటాడబోయిన వక్తను ఎగతాళి చేసి కూర్చుండబెట్టిరి, ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. నోరు విప్పుటయే నేరమైనచోట రాముడు శంబుకుని చంపుట న్యాయమా యని ఎవడు చర్చించును? అందుచేత ఇచట హేతువు గ్రంథాలయ వేషమున వచ్చెను. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞానచంద్రికా మండలి ఒకదాని వెనుక నొకటి వెలసి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున చదువుకొనవచ్చునన్న ధైర్యము నిచ్చెను.

ఆ ధైర్యము ఒక పల్లెలో యంత్రముగా మారిన కథ నాకు మిక్కిలి ప్రియమైనది. కేసముద్రము దాపున, నేటి మహబూబాబాదు జిల్లాలో నున్న ఇనుగుర్తి పట్టణము కాదు, క్షేత్రము కాదు, జమీందారుల రాజధానియు కాదు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను అన్నదమ్ములు బహుభాషలు నేర్చి, వైద్యము, సంగీతము, ఛాయాగ్రహణము మొదలుకొని చేతిపనులవరకు దేనినైనను తమ చేతులతో చేసి చూచినగాని నమ్మని స్వభావముతో, ఆ యూరిలోనే ముద్రణాలయమును నెలకొల్పి, విజ్ఞానప్రచారిణీ గ్రంథమాలను నడపి, 1922 ఆగస్టున ‘తెనుగు’ అను వారపత్రికను వెలువరించిరి. నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడినదియు ఆ సంవత్సరముననే. సురవరము ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వచ్చుటకు ఇంకను నాలుగేండ్ల కాలమున్నది. వ్రాయుట, కూర్చుట, అచ్చొత్తుట, మడిచి టపాకు వేయుట, సర్వమును సోదరులదే.

చేతికూర్పు చూడనివారి కొకమాట చెప్పవలెను. గళ్ళపెట్టెలో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క సీసపు అచ్చు ఉండును. తెలుగులో అక్షరమొకటి చాలదు. గుణింతములకు వేరు అచ్చులు, క్రింద నుంచుటకు ఒత్తులు వేరు. ఆంగ్లపు కూర్పరికి కొలది గళ్ళు చాలుచుండగా మనవానికి కొన్ని వందలు కావలెను. పైగా అచ్చు ముఖము అద్దములోని నీడవలె తారుమారై యుండును. కుడి యెడమలు మార్చి చదువుట కన్నులకు నేర్పవలెను. ఒక పంక్తి కూర్చుటకు పట్టు కాలములో ఒక మాటను పదిమార్లు వెనుకకు తిప్పి చూడక తప్పదు. మొదటి ప్రతి తీసినపుడు తప్పు కనబడును, శ్రావణముతో ఆ సీసపుముక్కను ఊడదీసి మరియొకటి పెట్టవలెను. చెప్పినదానిని సరిచూచుట, తప్పైనచో దిద్దుట యన్న హేతుధర్మమునకు ఇంతకుమించిన పాఠశాల నాకు తోచదు. కర్ణాకర్ణిగా వచ్చిన సుద్దిని ఖండింపలేము, అది గాలివలె జారిపోవును. అచ్చుపడిన వార్తకు తేదీ యుండును, సంపాదకుని పేరుండును, అది కాదని జాబు వ్రాయువాడు మరియొక యూరినుండి లేచును. ఇనుగుర్తిలో అచ్చైన కాగితము ఒక రైతు చేతిలో పడుటతోనే, పట్వారీ చదివి చెప్పినది తప్ప మరేమియు వ్రాతలో లేదన్న భ్రమ సడలెను. పత్రిక కొలది సంవత్సరములే నడచినను ఆ సడలింపు నిలిచిపోయెను.

ఇనుగుర్తి అక్షరమును ఇచ్చినచో, దానిని నేలపై పరీక్షించిన తావు విసునూరు. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికి అరువది గ్రామములలో నలువది వేల ఎకరములని పుచ్చలపల్లి సుందరయ్య గారు లెక్కచెప్పిరి. అంత భూమి అతనిదని చెప్పుటకు ప్రమాణమేది? దొరది కనుక దొరది, అంతియే. చాకలి బట్టలుతుకుట, కుమ్మరి కుండలిచ్చుట, మాదిగ చెప్పులు కుట్టుట ఎందుకన్నచో వారు పుట్టిన కులమది. నీ బాంచన్ కాల్మొక్త యను నాటి పలుకు ప్రశ్న పుట్టకమునుపే దానికి పెట్టిన తాళము.

కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ ఆ తాళమును కచేరీలో తెరువజూచెను. దేశముఖు కొలువునందున్న తన సోదరుడు అబ్బాస్ అలీతో భూమి తగవు. బందగీ వాని ఒత్తిడికి లొంగక న్యాయస్థానమునకు పోయి, ఏండ్ల తరబడి తిరిగి, తన హక్కును స్థాపించుకొని గెలిచెను. గెలిచినవానిని దారికాచి చంపిరి. జనగామనుండి సూర్యాపేటకు పోవు బాటప్రక్కన అతని సమాధి కలదు. హిందువులు, ముస్లిములు కలిసి అచట ఏటేట ఉర్సు జరుపుదురు. మాభూమి నాటకమునకు అతని కథ ప్రేరణయైనది. వ్రాత, అనుభవము, సాక్షి మూడును అతని పక్షముననే యుండెను. నిజమును నిరూపించిన చాలు, లోకము తలయొగ్గునని మన పండితులు పలుమారు వ్రాయుదురు. ఆ మాట వ్రాయబోవువాడు ముందుగా ఆ సమాధియొద్ద కొంతసేపు నిలిచి రావలెనని నేను కోరుదును.

చిట్యాల ఐలమ్మ అదే దేశముఖుతో తలపడెను. సోమనాథుడు పుట్టిన పాలకుర్తియే ఆమె కాపురమున్న యూరు. మడివాలు మాచయ్యను కీర్తించిన ఆ గ్రామముననే ఏడు వందల యేండ్ల తరువాత చాకలి కులమున పుట్టిన స్త్రీ ఒకతె, గడిలో వెట్టి చేయనని చెప్పి, మల్లంపల్లి భూస్వామి కొండలరావుయొద్ద పొలము కౌలునకు తీసికొని, నాలుగెకరముల వరి పండించెను. కులవృత్తి దాటి సేద్యము చేయుటయే గడికి అపరాధము. ఆపై ఆంధ్రమహాసభ సంఘములో చేరుట మరియొక అపరాధము. ఆ భూమి తనదని దేశముఖు వాదించెను. ఐలమ్మకు చదువు లేదు. కాని కౌలుకాగిత మెవరిదో, నాట్లు వేసిన చేతులెవరివో, కోతకు వచ్చిన పైరు ఎవరి చెమటతో పెరిగినదో ఆమె తర్కమున సందేహమునకు తావులేకుండ నిలిచియుండెను. వ్యాజ్యమున ఆమెయే నెగ్గెను. బందగీ గెలిచి ఒంటరియయ్యెను, ఐలమ్మ ఒంటరిది కాలేదు. పంటను కోసికొనిపోవుటకు దేశముఖు మనుష్యులను పంపగా, భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలగు ఆంధ్రమహాసభ నాయకులు కార్యకర్తలతో వచ్చి వారిని తరిమి, వరి కోసి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. పాలకుర్తి కల్లమునుండి ఐలమ్మ గుడిసెవరకు నడచిన ఆ ధాన్యపు మూటలు నా దృష్టిలో ఒక గొప్ప తాత్త్విక సంఘటన: రుజువైన సత్యము తన కాళ్ళపై నిలిచి ఇల్లు చేరిన దినమది. గ్రంథములలో నీతిశాస్త్రము మంచి యేది యని అడుగును. ఆనాడు పాలకుర్తిలో మంచికి కాపలా యెవరని అడిగిరి.

తరువాత 1946 జులై 4న కడవెండి గ్రామమున ఊరేగింపుగా గడి ముందరకు వచ్చిన జనముపై తుపాకులు ప్రేలెను. గొర్రెలకాపరి కుటుంబమున పుట్టిన దొడ్డి కొమరయ్య ఒరిగిపోయెను. తదుపరి తెలంగాణ సాయుధపోరాట కథ లోకవిదితము. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వరకు పాలకుర్తిలో జీవించెను. అక్షరము నేర్వని ఆమె పేరును హైదరాబాదు కోఠీలోని మహిళావిశ్వవిద్యాలయమునకు 2024లో పెట్టిరి.

దాశరథి సోదరులును ఈ సీమవారే. మహబూబాబాదు జిల్లా చినగూడూరున సంస్కృతద్రావిడ పండితుని యింట పుట్టిన కృష్ణమాచార్యుడు నిజామాబాదు జైలు గోడలపై బొగ్గుతో కవిత్వము వ్రాసెను; తమ్ముడు రంగాచార్యుడు గడి రాజ్యమును చిల్లర దేవుళ్లు అను నవలలో బట్టబయలు చేసెను. ఆ పేరే ఒక విమర్శ. మ్రొక్కినంతకాలమే దేవుడు, మ్రొక్కు మానిన మరునాడు వాడును మనుష్యుడే. అదే రంగాచార్యుడు అనంతరకాలమున నాలుగు వేదములను తెలుగున కనువదించెను. హేతువు పట్టినవాడు పూర్వగ్రంథములను తగులబెట్టునని భయపడువారికి ఈ యుదాహరణమును చూపుట నాకు ఇష్టము. వేదమేమి చెప్పినదో అందరును తమ భాషలో చదివి తామే నిర్ణయించుకొనవలెననుట కంటె హేతువు కోరునది మరేమున్నది?

భూపాలపల్లి అడవులకు పోయినచో కాలపు కొలతయే మారిపోవును. రేగొండ చేరువనున్న పాండవుల గుట్టలకు ఆ పేరు పాండవులు వనవాసము చేసిరన్న జనవాక్యమునుబట్టి వచ్చినది. అచటి రాతిచరియలపై ఎర్రరంగుతో వేసిన జంతువుల బొమ్మలను పరిశీలించిన పురాతత్త్వవేత్తలు వానిలో కొన్ని వ్రాత పుట్టుటకు ఎంతో ముందటి మధ్యశిలాయుగపు మానవుల పనియని నిర్ణయించిరి. ఆ గుట్టల కనతిదూరమున సింగరేణి కార్మికుడు త్రవ్వి తీయు బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పైబడిన అడవులు నేలలో అణగి మారిన పదార్థము. భీముని యడుగని చూపించు పల్లెవాని ప్రేమను నేను తక్కువ చేయను. ఆ బొమ్మ వేసిన అనామకుని వ్రేళ్ళయందలి వణుకు నాకు అంతకంటె దగ్గరగా తోచును, అంతే.

ఇక చివరకు చెప్పవలసినది చేదైన సంగతి. గడులు కూలినను మొదటి ప్రమాణము పల్లెలనుండి పూర్తిగా పోలేదు. బిడ్డకు జ్వరము తగ్గదు, గేదె పాలియ్యదు, ఇంటివాడు కారణము తెలియక చిక్కిపోవును. బాణామతి యందురు, చేతబడి యందురు. ఎవరు చేసిరి? వెంటనే వ్రేలు చూపబడునది ఊరిచివర ఒంటరిగా నున్న ముసలిదానివైపో, నాటువైద్యము తెలిసిన పేదవానివైపో. మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టిన ఘటనలు, కొట్టి చంపిన ఘటనలు తెలంగాణ పల్లెలు ఎరిగినవే. ఇచట హేతువాదము వేదాంతచర్చ కాదు, ఒక ప్రాణము. చేయలేదని ఆ ముసలిది వేయి ప్రమాణములు చేసినను ఎవరును వినరు. చేసినదనుటకు ప్రమాణమేదని ఒక్కడు అడిగినచో ఆమె బ్రతుకును. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన 51ఏ అధికరణము శాస్త్రీయ దృక్పథమును, మానవతావాదమును, జిజ్ఞాసను పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. ఆ విధిని తమదిగా తలచి, జనవిజ్ఞానవేదిక వంటి సంఘములవారు, ఉపాధ్యాయులు బడి ముంగిళ్ళలో దీపము పెట్టుకొని చేయు ప్రదర్శనములు పెద్ద గ్రంథములకు తీసిపోవు.

వాటిలో నొకటి ఇట్లుండును. భూతవైద్యుడను మాట వినగానే జనము నడుమ ఒక్కసారిగా నిశ్శబ్ద మావరించును. ప్రదర్శకుడు పళ్ళెములో పచ్చని నీరు పోసి, ఈ యింటిపై ఎవరో ప్రయోగము చేసిరని చెప్పుచు, తెల్లని నీటిచుక్కలను దానిలో విదిలించును. పళ్ళెము నెత్తురైపోవును. ముందువరుసలోని పిల్లలు వెనుకకు జరుగుదురు. తల్లులు కొంగు నోటికి పెట్టుకొందురు. అప్పుడతడు మెల్లగా అడుగును: అమ్మా, పెండ్లికూతురు పాదములకు మీరు పారాణి దేనితో కలుపుదురు? వారిలో ఒకతె పసుపును సున్నమును అని చెప్పుచు చెప్పుచునే ఆగిపోవును. పచ్చని నీరు పసుపు; తెల్లని చుక్కలు వక్కాకులోని సున్నపుతేట. దిష్టితీసి పారబోయు ఎర్రనీళ్ళు ప్రతి యింటనున్నవే. అంతట అతడు, నాలుగుబాటలు కలిసినచోట పడియున్నచో ఎవరును దాటని నిమ్మకాయ నొకదానిని ముందువరుసలోని పిల్ల చేతికిచ్చి, పిండుమనును. ఆ పిల్ల తల్లివైపు ఒకమారు చూచి పిండును. పళ్ళెములోని నెత్తురు అంచులనుండి నడిమికి మరల పసుపగును.